తుడిచిన అద్దం మీద నల్లంచి

నిద్ర సుఖమెరుగదని చెప్పినవాడు ఎవడో గానీ, బొగ్గుబాయిలో నైట్ షిఫ్టు చేసినవాడు మాత్రం కాదు. రాత్రంతా మేలుకొని పొద్దున పడుకునేవాడికి నిద్రకు మించిన పెంకి చుట్టం ఇంకోటి ఉండదు. గది చీకటిగా ఉండాలి. ఫ్యాను తిరగాలి. పక్కింటి కుక్కరు కూయకూడదు, పాలవాడు హారన్ కొట్టకూడదు. అన్నీ కుదిరితే ఓ నాలుగైదు గంటలు ఉండి పోతుంది, ఏ ఒక్కటి తప్పినా గడప తొక్కదు. విజయేందర్‌కు ఈ సంగతి పద్దెనిమిదేళ్లుగా తెలుసు.

జానెడైనా లేని పిట్ట ఒకటి తన నిద్రను ఇంత పచ్చిగా పొడుచుకు తింటుందని మాత్రం ఆయనకు ఈ ఏప్రిల్ దాకా తెలియదు.

బుధవారం పొద్దున ఎనిమిదికి కంపెనీ వ్యాను కాలనీ మలుపులో దింపిపోయింది. గోదావరి ఒడ్డు బొగ్గు ఊళ్లలో అప్పటికే ఎండ చురచుర మొదలైంది. విజయేందర్ క్వార్టరు వరకు నడిచి, బూట్లు గుమ్మం దగ్గరే విప్పి, పెరట్లో తొట్టి నీళ్లు నెత్తిమీద పోసుకున్నాడు. రేవతి పెట్టిన రెండు జొన్నరొట్టెలు తిన్నాడో మింగాడో ఆయనకే తెలియదు. మంచం మీద వాలి, కళ్లు మూసుకొని, చెవులు మాత్రం తెరిచే ఉంచాడు. రాబోయేది ఆయనకు తెలుసు.

గోడ మీదుగా ఎండ వెనక గది కిటికీ మీద పడగానే మొదలైంది.

టక్. టక్. టకటకటక్. మధ్యలో రెక్కలు అద్దానికేసి కొట్టుకునే చప్పుడు. కాసేపు ఆగుతుంది. ఆగిందిలే అని ఒళ్లు వదులవుతుండగా మళ్లీ టక్.

"పో అవుతలికి! హుష్!" వంటింట్లోంచి రేవతి పరుగెత్తుకొచ్చి పెరట్లో చప్పట్లు కొట్టింది. పిట్ట గోడ మీదికి ఎగిరి, తోక నిటారుగా లేపి, ఆమె వంక చూసింది. ఆమె లోపలికి పోగానే మళ్లీ కిటికీ దగ్గరకొచ్చింది.

అది నల్లంచి, మగది. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, రెక్క మీద సున్నం వేలితో రాసినట్టు తెల్లటి చార, ఎప్పుడూ పైకి లేచి ఉండే తోక కింద ఇటుక రంగు. చూడటానికి ముచ్చటైన పిట్టే. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు గదా, పొద్దున్నే గోడమీద కూర్చుని పాడితే ఇంత చిన్న గొంతులో ఇన్ని మలుపులెక్కడివా అనిపిస్తుంది. కానీ ముచ్చట్లు నిద్రపోయినవాళ్లకు. విజయేందర్‌కు అది పిట్ట కాదు, కణతల మీద పడుతున్న సుత్తి.

పదహారు రోజులైంది ఇది మొదలై. సెకండ్ షిఫ్టు వారం ఎలాగో గడిచింది. తర్వాత పొద్దున షిఫ్టులో పగలు ఇంట్లోనే లేడు. ఈ వారం నైట్ షిఫ్టు పడేసరికి అసలు నరకం కనబడింది. ఆదివారం నుంచి లెక్కవేసుకుంటే ఆయన కంటికి కునుకు పట్టింది అన్నీ కలిపి ఆరు గంటలు.

నిద్ర లేకపోతే ఏమవుతుంది, మధ్యాహ్నం ఆవులింతలొస్తాయి అంతేగా అనుకునేవాళ్లు అనుకోవచ్చు. విజయేందర్ నడిపేది సైకిల్ కాదు. ఓపెన్ కాస్ట్ గనిలో వంద టన్నుల డంపర్. దాని చక్రం పక్కన నిలబడితే మనిషి తల పైఅంచుకు అందదు. కింద నుంచి మట్టి నింపుకొని, మెలికలు తిరిగిన దారిలో పైకెక్కి, గుట్ట మీద పోసి రావాలి. దారి అంచున నడుమెత్తు మట్టికట్ట ఉంటుంది. కట్ట అవతల ఏమీ ఉండదు, గాలి తప్ప.

సోమవారం రాత్రి డ్యూటీలో, తెల్లవారుజామున, విజయేందర్ బండి ఆ కట్ట ఎక్కింది.

ఆయన కళ్లు మూసుకున్నట్టు ఆయనకే తెలియదు. ముందు చక్రం ఎత్తుకెక్కి సీటు వెనక్కి ఒరిగితే ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. బండి అక్కడే వణుకుతూ ఆగిపోయింది. వెనక్కి తీసి, మళ్లీ దారిలో పెట్టి, మిగిలిన మూడు ట్రిప్పులు కొట్టాడు. ఎవరూ చూడలేదు. ఆయన ఎవరికీ చెప్పలేదు, రేవతికి కూడా. చెబితే నోటిదాకా వచ్చిన భయం నిజమైపోతుందనిపించింది.

నిరుడు వానాకాలంలో దశరథం బండి కూడా అట్లాగే ఎక్కింది. కాకపోతే అది ఆగలేదు.

దశరథం, విజయేందర్ ఒకేరోజు డంపర్ ట్రైనింగుకు ఎక్కినవాళ్లు. ఒకరి టిఫిను డబ్బా ఒకరు ఖాళీ చేసినవాళ్లు. దశరథం పోయిన మూడోరోజున పిట్టకు పెట్టారు. ఇష్టమైన కూర వండి, అన్నం విస్తరిలో పెట్టి, కల్లు పోసి, కాకి వచ్చి ముట్టేదాకా అయినవాళ్లంతా దూరంగా నిలబడాలి. ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ఆరోజు రెండు గంటలు నిలబడ్డారు. కాకి చెట్టుమీద కూర్చుంది గానీ కిందికి దిగలేదు. చివరికి విస్తరి అక్కడే వదిలి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా వచ్చేశారు.

ఆ మాట ఎదురింటి మల్లక్క మరిచిపోలేదు. మల్లక్క భర్త వెనుకటి రోజుల్లో తట్టతో, చెమ్మసు పారతో బొగ్గెత్తినవాడు. ఆయన పోయినా ఆమె కాలనీ వదలలేదు, ఎవరింట్లో ఏం జరిగినా అర్థం చెప్పే పని కూడా వదలలేదు. ఆదివారం నాడే రేవతిని పిలిచి చెవిలో వేసింది.

"బిడ్డా, గది ఒట్టి పిట్ట గాదే. కిటికిని కొట్టుడేందే, పేరు వెట్టి పిలిసినట్టు? దశరథం నాడు కాకి ముట్టలే గదా. ఆని పాణం ఇంకా గీన్నే తిరుగుతుంది. దోస్తును పిలుస్తుండు."

"అట్లనకు అత్తా. నాకు గుండె దడ వుడ్తది."

"దడ వుడితే ఏమొస్తది? ఆకుల ఇంత అన్నం, ఇంత కూర వెట్టు. తిని పోతడు."

రేవతి పెట్టింది. పాపం, ఏం చేస్తుంది? కిటికీ గట్టు మీద మోదుగాకులో అన్నం, ఎండుచేపల కూర పెట్టి దండం పెట్టింది. మధ్యాహ్నానికి చీమలు బారులు తీరాయి. నల్లంచి అన్నం వంక కూడా చూడలేదు. చీమల్ని ఒక్కొక్కటే ఏరుకుతింది, కడుపు నింపుకుంది, నిండిన సత్తువతో మళ్లీ అద్దం మీద పడింది. అంతకుముందు దానికి తిండి వెతుక్కోవడానికైనా కాసేపు అవతలికి పోవలసి వచ్చేది. ఇప్పుడు ఆ పని కూడా లేకుండా పోయింది.

మంగళవారం ఇంకో ఉపాయం తోచింది. మక్కచేలల్లో పిట్టలు రాకుండా పాత సీడీలు కడతారు గదా అని రేవతి ఇంట్లో ఉన్న నాలుగు సీడీలు దారానికి గుచ్చి కిటికీకి వేలాడదీసింది. అది కొరివితో తల గోక్కున్నట్టయింది. నల్లంచి ఇప్పుడు కిటికీని వదిలి సీడీని, సీడీని వదిలి కిటికీని పొడవసాగింది. గంట తర్వాత విజయేందరే లేచి వాటిని తెంపి గోడ అవతల పారేశాడు.

ఇదిగో ఇప్పుడు బుధవారం. పది దాటింది. ఆయన దిండు చెవుల మీద వేసుకున్నాడు, దూది పెట్టుకున్నాడు, ఫ్యాను ఐదులో పెట్టాడు. చప్పుడు ఆగినప్పుడు కూడా వినబడుతూనే ఉంది. ముందు గదిలోకి మారదామంటే అక్కడ రేకుల కప్పు, పొయ్యిలాగా కాలుతుంది. రాత్రి పదికి మళ్లీ వ్యాను వస్తుంది. పదకొండుకు బండి ఎక్కాలి. తెల్లారగట్ల నాలుగు ఎప్పుడు అవుతుందో ఆయనకు తెలుసు, ఆ కట్ట ఎక్కడుందో తెలుసు. ఇవాళ నిద్రపోకపోతే ఈ రాత్రి పోతాను అనుకున్నాడు. అతిశయోక్తి కాదు, లెక్క తప్పని మాట.

టక్. టకటక్.

విజయేందర్ లేచాడు. వెనక తలుపు తీసుకొని పెరట్లోకి నడిచాడు. కాలికి చెప్పుల్లేవు. తొట్టి పక్కన ఉన్న కంకరరాయి ఒకటి చేతికి తీసుకున్నాడు. అరచేయి నిండా సరిపోయే రాయి.

నల్లంచి గట్టు మీదే ఉంది. ఎగిరిపోలేదు. ఎగరడానికి ఓపిక లేనట్టుంది. ముక్కు తెరిచి ఎగరొప్పుతోంది. ముక్కు మొదట్లో ఎర్రటి చెమ్మ ఎండి ఉంది, అద్దం మీద కూడా అవే చిన్న చిన్న మరకలు. రెక్కలు కిందికి వేలాడిపోయాయి, తోక మాత్రం దించలేదు. అంత దగ్గరగా దాన్ని ఆయన ఎప్పుడూ చూడలేదు. గురి తప్పే దూరం కాదు. చేయి ఎత్తాడు.

"అరే అరే, ఆగు! విజయ్ భాయ్, ఆగు!"

గోడ అవతలి నుంచి వాహెద్. కంపెనీ ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి, కొడుకు తన్వీర్ పేరు మీదున్న పక్క క్వార్టర్లో ఉంటాడు. కంటి ఆపరేషన్ చేయించుకొని పదిహేను రోజులు కరీంనగర్‌లో కూతురు రుబీనా దగ్గర ఉండి, నిన్ననే వచ్చాడు. నల్ల కళ్లద్దాలు పెట్టుకొని, గోడ మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు.

"నువ్వు నడుమ రాకు వాహెద్ భాయ్. గిది నన్ను సంపుతుంది."

"నిన్ను కాదు, అది వేరేటోన్ని సంపుతున్న అనుకుంటుంది. రాయి కింద వడెయ్యి. జర ఆగు, వస్తున్న."

గోడ తిరిగి వచ్చేసరికి ముసలాయనకు ఆయాసం వచ్చింది. నల్లంచి ఎగిరి గోడమీద కూర్చుంది. వాహెద్ నేరుగా కిటికీ ముందుకు పోయి నిలబడ్డాడు. కళ్లద్దాలు తీశాడు. గడ్డం సవరించుకున్నాడు. తలమీద టోపీ సర్దుకున్నాడు. ఆ కిటికీ ముందే, పెళ్లికి పోయేవాడిలాగా.

"ఏం జేస్తున్నవ్ అన్నా?" రేవతి గుమ్మంలోంచి అడిగింది.

"మొఖం సూసుకుంటున్న బిడ్డా. మా ఇంట్ల అద్దం గూడ గింత సాఫ్‌గ లేదు."

అప్పుడు చూశాడు విజయేందర్. అద్దంలో వాహెద్ ఉన్నాడు, వెనకాల చేతిలో రాయితో తను ఉన్నాడు. తన కళ్లు గుంటలు పడి, గడ్డం మాసి, ఎవడో పాడుబడ్డ మనిషిలా ఉన్నాడు. వాళ్లిద్దరి వెనక గోడ, గోడమీద నల్లంచి. తోక ఈకలతో సహా.

జరిగిందేమిటంటే, ఫిబ్రవరి దాకా ఆ కిటికీకి వేపచెట్టు నీడ ఉండేది. బొగ్గు లారీల రోడ్డు వెడల్పు చేస్తూ దాన్ని కొట్టేశారు. పొద్దున్నే గదిలోకి ఎండ కొట్టడం మొదలైంది. నైట్ షిఫ్టు ఇళ్లన్నీ ఏం చేస్తాయో విజయేందర్ కూడా అదే చేశాడు, కిటికీ మూశాడు. కాలనీలో ఒకరు గోనెపట్టా కడతారు, ఒకరు అట్టపెట్టె ముక్క అంటిస్తారు. ఈయన ఏ పని చేసినా పక్కాగా చేసే మనిషి. నల్లరంగు డబ్బా తెచ్చి, అద్దాలకు లోపలివైపు నుంచి రెండు పూతలు వేశాడు, సూది మొనంత వెలుతురు రాకుండా.

ఇక రేవతి. ఆ కాలనీలో పొద్దున తుడిచిన అరుగు మధ్యాహ్నానికి నల్లగా అవుతుంది. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిద చీర. అందరూ ఎప్పుడో ఓడిపోయి చీపురు మూల పెట్టేశారు. రేవతి పద్దెనిమిదేళ్లుగా ఓడిపోలేదు. పొద్దున లేచి అన్నిటికంటే ముందు తడిగుడ్డతో, తర్వాత కాగితంతో కిటికీ అద్దాలు బయటినుంచి తుడుస్తుంది. ఆయన రంగు వేశాక కూడా మానలేదు. లోపల నలుపు, బయట నిగారింపు. ఇంతకంటే మంచి అద్దం వేములవాడ జాతరలో కూడా దొరకదు.

"అది మగ పిట్ట," అన్నాడు వాహెద్, అరుగు మీద కూర్చుంటూ. "గీ దినాల్ల దానికి ఇల్లు, పెండ్లాం అయితయి. ఇంకో మగది హద్దుల్ల అడుగు వెడితే ఊకోదు. పొద్దుగాల సూస్తె కిటికిల ఒకడు నిలవడ్డడు. తానెంత నల్లగున్నడో వాడు గూడ అంతే నలుపు. తాను తోక లేపితే వాడు లేపుతడు. తాను వొడిస్తె వాడు వొడుస్తడు. ఇది ఆగితే వాడు ఆగుతడు గని, పోడు. ఏం జెయ్యాలె పాపం దానికి?"

"నీకెట్ల ఎరుక గివన్ని?"

"నా స్కూటర్ అద్దాలకు సాక్సులు ఎందుకు తొడుగుతున్న అనుకున్నవ్? మీరంత నవ్విరి, ముసలోని బండికి సలి వెడ్తుందని."

నిజమే. ఏటా ఎండాకాలం వాహెద్ స్కూటర్ అద్దాలకు పాత సాక్సులు కనిపిస్తాయి. కాలనీ అంతా నవ్వింది గానీ ఎందుకని ఒక్కరూ అడగలేదు. అడగని ప్రశ్నకు ఆయన జవాబు చెప్పలేదు.

"దాని ఇల్లేడుంది?" రేవతి అడిగింది.

వాహెద్ వెనక గోడకున్న పాత మీటరు డబ్బా చూపించాడు. మీటర్లు ముందువైపుకి మార్చినప్పుడు ఆ డబ్బాను ఖాళీ చేసి, మూత ఊడదీసి వదిలేసింది ఆయనే. "సప్పుడు జెయ్యకుండ సూడుండ్రి."

రేవతి మునివేళ్ల మీద నిలబడి తొంగిచూసింది. ఎండుగడ్డి, పాము కుబుసం ముక్క ఒకటి, వాటి నడుమ మెత్తగా చుట్టిన నల్లటి వెంట్రుకలు. మట్టిరంగు ఆడపిట్ట ఒకటి కదలకుండా కూర్చుని ఆమెనే చూస్తోంది. ఆ వెంట్రుకలు ఎవరివో రేవతికి వెంటనే తెలిసింది. దువ్వుకున్నప్పుడు ఊడినవి, వెంట్రుకలు కొనేవాడు వస్తే గిన్నెకు మార్చుకోవచ్చని గోడ సందులో దోపి పెట్టుకున్నవి. నాలుగైదు రోజులుగా కనబడక, ఎవరెత్తుకుపోయారా అని మల్లక్కను కూడా అనుమానించింది.

"నా ఎంటికెల మీద పండుకున్నది," అంది, నవ్వాలో ఏడవాలో తెలియక.

"గుడ్ల మీద ఆడది. కావలి మగోడిది," అన్నాడు వాహెద్. "గిది అడివి పిట్ట గాదు. దట్టమైన చెట్లల్ల ఉండదు. రాళ్లు రప్పలు, బీడు, తుమ్మపొదలు, పక్కన మనుషులుంటె సాలు. అగో, ఆ మట్టిగుట్ట మీదికెల్లి వచ్చుంటది. ఆడ శానున్నయి."

గోడ అవతల, రోడ్డు దాటాక, గుట్ట. దేవుడు పెట్టిన గుట్ట కాదు. పద్దెనిమిదేళ్ల కింద అక్కడ పంట పండే చెలక ఉండేది. బొగ్గు మీది మట్టినంతా తవ్వి, డంపర్లు ఒక్కో ట్రిప్పూ తెచ్చి పోస్తే గుట్ట అయింది. దాని మొదటి వరసలు పోసింది విజయేందర్, దశరథం. ఆ వైపు పోయడం ఆపేశాక సర్కారు తుమ్మ మొలిచింది, చీమలు పుట్టలు పెట్టాయి, నల్లంచులు వచ్చాయి. విజయేందర్ కాసేపు ఆ గుట్ట వంక చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు కూడా రాయి చేతిలోనే ఉందని గుర్తొచ్చి కింద పడేశాడు.

"ఇప్పుడేం జెయ్యాలె?"

"ఏం లేదు. దుమ్ము గావాలె. నీ ఇంట్ల తప్ప ఊరంత ఉన్నది."

రేవతి ముఖం వాడిపోయింది. "గిన్నేండ్ల సంది తుడుసుడే నా తప్పాయె?"

ఆమె వాకిట ఊడ్చిన బొగ్గుదుమ్ము ఓ మూల కుప్పగా ఉంది. విజయేందర్ చెంబుతో నీళ్లు పోసి దాన్ని ముద్ద చేశాడు. దోసిలితో తీసుకొని కిటికీకి పూశాడు. మొదటి అద్దంలో వాహెద్ మాయమయ్యాడు. రెండో అద్దంలో గోడ పోయింది. మూడో అద్దం దగ్గరకొచ్చేసరికి ముద్ద చేతుల్లోంచి కాళ్లమీద జారిపడింది. ఆయన ఉన్నచోటనే కింద కూర్చుండిపోయాడు.

"తప్పు నీది గాదు రేవతీ. నీకోటి చెప్పలే," అన్నాడు. "సోమారం రాత్రి నా బండి కట్టెక్కింది. కండ్లు మూతవడ్డయి. ఇంత ఆగకపోతే పోయేటోన్ని."

రేవతి గుమ్మం పట్టుకుంది. వాహెద్ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"దశరథం నాతోని జెప్పిండు," విజయేందర్ ఆగలేదు. ఎనిమిది నెలలుగా దాచుకున్నది ఇప్పుడు దారి దొరికి బయటికొస్తోంది. "పోయినోడు పోయే ముందటి రోజు జెప్పిండు, నిద్ర ఆగుతలేదురా, కండ్లు తిరుగుతున్నయి అని. నేనేమన్న? అందరికి గంతేరా, సున్నం జర ఎక్కువేసి తంబాకు వెట్టు అన్న. నా డబ్బీలకెల్లి నేనే ఇచ్చిన. మల్లక్క అన్నది నిజమే, నా మీద కోపంతోనే వాడు విస్తరి ముట్టలే."

ఏడ్చాడు. నలభై ఆరేళ్ల మనిషి బొగ్గుచేతులతో ముఖం కప్పుకొని ఏడిస్తే ముఖం ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది. రేవతి వచ్చి పక్కన కూర్చోలేదు, భుజం మీద చేయి వేయలేదు. మిగిలిన ముద్ద తీసుకొని, తను పద్దెనిమిదేళ్లు తుడిచిన కిటికీ మూడో అద్దానికి తనే పూసింది. మూలలు కూడా వదలకుండా పూసింది.

వాహెద్ చప్పుడు చేయకుండా వెళ్లిపోయాడు.

నల్లంచి వచ్చింది. గట్టు మీద వాలి, తల ఇటు వంచి అటు వంచి చూసింది. ఒకసారి పొడిచింది. ఎవరూ తిరిగి పొడవలేదు. అద్దం ఆ చివర నుంచి ఈ చివరి దాకా గెంతుతూ వెతికింది. తర్వాత మీటరు డబ్బా మీదికి పోయి కూర్చుని, ఈకలన్నీ ఉబ్బించి, కళ్లు మూసుకుంది.

"అది పండుకున్నది. నువ్వు గూడ పో, పండుకో," అంది రేవతి.

"తొమ్మిదిన్నరకు లేపు. వ్యాను వస్తది."

"ఊఁ."

పెళ్లయిన ఇరవై మూడేళ్లలో రేవతి ఆయనకు చెప్పిన అబద్ధాలు ఏవైనా ఉంటే అన్నిటికంటే చిన్నది ఆ 'ఊఁ'.

విజయేందర్‌కు మెలకువ వచ్చేసరికి పాట వినబడుతోంది. గోడ మీద నుంచి, తీరిగ్గా, ఒక పాయ తర్వాత ఒక పాయ. ఎంత బాగుంది అనుకున్నాడు. ఒంట్లో నొప్పి లేదు, తలలో సుత్తి లేదు. సాయంత్రం అయినట్టుంది, లేచి తయారవ్వాలి అనుకుంటూ వెనక తలుపు తీశాడు.

సూర్యుడు తూర్పున ఉన్నాడు.

కాసేపటిదాకా ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం తన్నుకొచ్చింది. పద్దెనిమిదేళ్లలో చెప్పకుండా డ్యూటీ ఎగ్గొట్టింది లేదు. ముందు గదిలోకి ఒక్క అంగలో వచ్చాడు. రేవతి వీధి తలుపుకు వీపు ఆనించి, కాళ్లు చాపుకొని కూర్చుంది. ఆయన సెల్‌ఫోన్ స్విచాఫ్ చేసి ఆమె ఒళ్లో ఉంది. కాలింగ్ బెల్లు తీగ పీకి ఉంది.

"ఎందుకు లేపలే?"

"వ్యాను వచ్చింది. వాహెదన్న మలుపుకాడ నిలవడి, జరం వచ్చింది, రాడు అని జెప్పిండు."

"నేనడుగుతున్నది గది గాదు. లేపుమని జెప్తి గదనే! ఎందుకు లేపలే?"

రేవతి తల ఎత్తింది. రాత్రంతా మూయని కళ్లు, నిప్పు కణికల్లా ఉన్నాయి.

"దశరథాన్ని కోమల లేపింది," అంది. కోమల దశరథం భార్య. "ఆ రాత్రి లేవనంటే, మస్టరుల హాజరు పోతదని మొఖం మీద నీళ్లు గొట్టి లేపిందట. దినాలనాడు నన్ను వట్టుకొని గదే మాట జెప్పింది. నేనే లేపిన అక్కా, నేనే లేపిన అని. నేను లేపలే."

ఆమె ఎదురుగా కూలబడ్డాడు. పెరట్లో పిట్ట పాడుతూనే ఉంది. వీధిలో ఎవరో బిందె చప్పుడు చేశారు, ఆ కొద్ది చప్పుడుకే రేవతి ఉలిక్కిపడి తలుపు గట్టిగా నొక్కి పట్టింది, ఇంకా ఆయన లోపల పడుకునే ఉన్నట్టు.

"ఎనిమిదింటికి ఆఫీసుకు పోయి ఉన్నది ఉన్నట్టు జెప్త," అన్నాడు. "బండి కట్టెక్కిందని జెప్త. నిద్ర సక్కగయ్యేదాక బండెక్కనని అంట. ఏమన్న అననీ."

ఆమె తల ఊపింది. ఊపుతుండగానే తల వాలిపోయింది.

విజయేందర్ ఆమెను లేపి, వెనక గదిలోకి నడిపించి, తను లేచిన మంచం మీదే పడుకోబెట్టాడు. ఇంకా వెచ్చగానే ఉంది. "గంటసేపే. నీల్లొస్తయి, పట్టాలె," అంటూనే ఆమె నిద్రపోయింది. ఆయన వచ్చి వీధి తలుపు తీసి, గడప మీద కూర్చున్నాడు. పాలవాడు దూరం నుంచి బండి మీద కనబడగానే వేలు పెదాల మీద పెట్టి, హారన్ వద్దని సైగ చేశాడు. మల్లక్క చెంబు పట్టుకొని ఏదో అడగబోతే చేయి అడ్డంగా ఊపాడు. వాహెద్ స్కూటర్ స్టార్ట్ చేయబోయి, ఈయన్ని చూసి, సాక్సులు తొడిగిన ఆ బండిని మలుపు దాకా తోసుకుంటూ పోయాడు.

పెరట్లో నల్లంచి మాత్రం గొంతెత్తి పాడుతోంది. దాన్ని ఒక్కదాన్ని ఆయన ఆపలేదు.